ఎన్‌సీఎం అని రాసి పేజీ తిప్పేశారు

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

పోయిన ఆదివారం మీ పేపర్ హెల్త్ పేజీలో "గుండెకు చిల్లు.. మేనరికమే ముల్లు" అని ఇంతింత అక్షరాలతో ఒక ఆర్టికల్ వేశారు. ప్రాస బాగానే కుదిరింది, కాదనను. కానీ అందులో చివర్న ఒక లైను ఉంది చూశారా, మేనరికం చేసుకోని వాళ్ళు ఈ విషయంలో పెద్దగా భయపడక్కర్లేదు అని, అది చదివాక రెండ్రోజులు నాకు అన్నం సహించలేదు, అందుకే ఇది రాస్తున్నా, పొడుగైపోతే క్షమించండి, నాకు టైపింగ్ అలవాటు గానీ కుదించి రాయడం అలవాటు లేదు.

మాది తెనాలి పక్కన ఒక ఊరు. మెయిన్ రోడ్డు మీద జిరాక్స్ షాపు మాది, నేనే చూసుకుంటా. మాది మేనరికం కాదు, అసలు మా రెండు కుటుంబాలకీ పెళ్ళిచూపుల దాకా పరిచయమే లేదు. మా ఆడపడుచుది మాత్రం మేనరికం, సొంత మేనబావనే చేసుకుంది, ముగ్గురు పిల్లలు, ముగ్గురూ గుండ్రాళ్ళలా ఉన్నారు, చల్లగా ఉండాలి. గుండె జబ్బుతో పుట్టింది మా పాప.

2018 జులై 27 రాత్రి చంద్రగ్రహణం గుర్తుందా, ఈ శతాబ్దంలోనే పొడుగైన గ్రహణం అని టీవీల్లో ఒకటే హడావిడి. అప్పుడు నాకు అయిదో నెల. రాత్రి ఒంటిగంటకి బాత్రూంకి లేచా, మా బాత్రూం పెరట్లో ఉంటుంది, ఇంట్లోంచి దారి లేదు, వెళ్ళొచ్చా. డిసెంబర్‌లో పాప పుట్టింది, గుండెలో చిల్లు అనగానే మా అత్తయ్యగారికి ఆ రాత్రి గుర్తొచ్చింది. పెదవి చీలి పుడితే గ్రహణం మొర్రి అనే పేరే ఉంది కదా మన భాషలో, గుండెకి కూడా అదే లెక్క వేశారు. నేను వాదించలేదు, ఎందుకంటే నాకూ లోపల అదే అనుమానం. ఆ తర్వాతెప్పుడో తెలిసింది, కడుపులో బిడ్డకి గుండె తయారవడం మూడో వారంలో మొదలై ఎనిమిదో వారానికల్లా దాదాపు అయిపోతుందట, 22వ రోజుకే కొట్టుకోవడం మొదలవుతుందట. అంటే చాలామందికి కడుపుతో ఉన్నామని ఖాయంగా తెలిసేలోపే ఆ పని మొదలైపోయి ఉంటుంది. అయిదో నెలలో నేను పెరట్లోకి వెళ్ళినా ఒకటే, వెళ్ళకపోయినా ఒకటే.

పాపకి పదో రోజున ఫిట్స్ వచ్చాయి. ఐసీయూలో పెట్టి, క్యాల్షియం బాగా తగ్గింది, ఎక్కించాం, ఏం భయం లేదు అన్నారు. అక్కడే స్టెతస్కోప్ పెట్టి చూస్తే గుండెలో చప్పుడు తేడాగా ఉందని టూడీ ఎకో తీశారు, టీఓఎఫ్ అన్నారు, అంటే టెట్రాలజీ ఆఫ్ ఫాలో, ఫాలో అనే ఫ్రెంచి డాక్టర్ 1888లో వర్ణించిన జబ్బట. నాలుగు తేడాలు కలిసుంటాయి అందులో, కింద గదుల మధ్య చిల్లు, ఊపిరితిత్తులకి రక్తం వెళ్ళే దారి ఇరుకు, పెద్ద రక్తనాళం ఆ చిల్లు మీదకి జరిగి ఉండటం, కుడివైపు కండ మందం అవడం. మా పాప ఏడిస్తే పెదాలు నేరేడుపండు తిన్నట్టు అయిపోయేవి. ఇలాంటి పిల్లలు కాస్త పెద్దయి ఆపరేషన్ అవకుండా ఉంటే ఆడుతూ ఆడుతూ గొంతుక్కూర్చుంటారు, అలా కూర్చుంటే వాళ్ళకి ఊపిరి ఆడుతుంది, ఎవరూ నేర్పక్కర్లేదు వాళ్ళకే తెలిసిపోతుంది. మా పాపని అంతదాకా ఉంచలేదు, పదకొండో నెలలో ఆపరేషన్ చేశారు, ఆరోగ్యశ్రీలో అయింది, మాకు రూపాయి ఖర్చు లేదు, ఆ సర్జన్ గారికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటా.

ఆ ఆసుపత్రి ఫైలు మొదటి పేజీలో ఒక మాట ఉంది, బోర్న్ ఆఫ్ ఎన్‌సీఎం అని. నేను సిస్టర్‌ని అడిగా ఏంటండి ఇది అని, నాన్ కన్సాంగ్వినియస్ మ్యారేజ్ అమ్మా, అంటే మీది మేనరికం కాదు అని అర్థం అంది. మేనరికమా అని అడిగారు, కాదండి అన్నాం, మూడక్షరాలు రాసి పేజీ తిప్పేశారు. జన్యువుల గురించి మమ్మల్ని నాలుగేళ్ళలో ఎవరైనా అడిగింది అదొక్కటే ప్రశ్న. నాలుగేళ్ళు అండి.

ఈ నాలుగేళ్ళలో ఏం జరిగిందంటే, పాలు తాగితే ముక్కులోంచి వచ్చేవి, పసిపిల్లలకి వస్తాయిలే అన్నారు. నెలకోసారి జలుబు, దగ్గు, చెవి కారడం, గుండె పిల్ల కదా అన్నారు. నడక లేటు, మాట లేటు, ఆపరేషన్ అయిన పిల్ల కదా అన్నారు. మాటలొచ్చాక అంతా ముక్కుతో మాట్లాడేది, పప్పు అనమంటే మమ్ము అనేది, బడికెళ్తా అనమంటే మడికెళ్తా అనేది. మా మావయ్యగారు మురిసిపోయేవారు, నా మనవరాలు మడి కట్టుకుంటుందంట అని. ప్రతిదానికీ ఒక కారణం దొరికేది, అన్నీ వేరు వేరు కారణాలు.

జలుబుకి చూపిద్దామని ఒకచోటికి తీసుకెళ్తే అక్కడ ఒక కుర్ర డాక్టరమ్మ, ఇంకా పీజీ చదువుతోందనుకుంటా, పాప మాట వినగానే రాస్తున్న పెన్ను ఆపేసింది. డ్రాయర్లోంచి చిన్న అద్దం తీసి పాప ముక్కు కింద పెట్టి, పాప పప్పు అను, అను నాన్నా అంది. పాప అంది. అద్దం మీద ఆవిరి పట్టింది. "ప" అన్నప్పుడు గాలి నోట్లోంచి రావాలి కదమ్మా, ముక్కులోంచి వస్తోంది చూడండి, అంగిలి వెనక భాగం సరిగ్గా మూసుకోవట్లేదు అంది. తర్వాత పాప వేళ్ళు చూసింది, సన్నగా పొడుగ్గా ఉంటాయి, చెవులు చూసింది. పుట్టినప్పుడు ఫిట్స్ ఏమైనా వచ్చాయా అని అడిగింది. నాకు చేతులు చల్లబడిపోయాయి, ఫైలు తియ్యలేదు ఇంకా, ఆవిడకెలా తెలుసు? క్యాల్షియం తగ్గిందన్నారండి అన్నా. ఇంతవరకూ జెనెటిక్స్ వాళ్ళకి ఎవరూ చూపించమనలేదా అంది.

క్రోమోజోముల్లో ఎక్కడైనా ముక్క పోయిందా అని చూసే మైక్రోఅరే అనే టెస్ట్ చేయించాం, ఇరవై వేలకి కాస్త తక్కువ, ఆపరేషన్‌కి రూపాయి కట్టని వాళ్ళం దీనికి మాత్రం మా కలర్ ప్రింటర్ కోసం దాచిన డబ్బులు తీశాం. 22క్యూ11.2 డిలీషన్ అని వచ్చింది, డీజార్జ్ సిండ్రోమ్ అని కూడా అంటారు. 22వ క్రోమోజోములో ఒక చిన్న ముక్క లేదు, చిన్న అంటే ఎక్కువమందిలో సుమారు ముప్పై లక్షల డీఎన్ఏ అక్షరాల ముక్క, అందులో నలభై పైచిలుకు జన్యువులు. నాలుగు వేల మంది పిల్లల్లో ఒకరికి ఉంటుందని మామూలుగా చెప్పే లెక్క. ఆ పోయిన వాటిల్లో టీబీఎక్స్1 అనే జన్యువు ఒకటి ఉంది. పిండం మెడ దగ్గర మొదట్లో మడతలు మడతలుగా ఉంటుందట, ఆ మడతల్లోంచే క్యాల్షియాన్ని చూసుకునే పారాథైరాయిడ్ గ్రంథులు, ఇన్ఫెక్షన్లతో పోరాడే కణాలు తయారయ్యే థైమస్, అంగిలి, గుండెలోంచి రక్తం బయటికెళ్ళే పెద్ద గొట్టాలు, ఇవన్నీ పుట్టుకొస్తాయి, ఆ పని నడిపించే వాటిల్లో టీబీఎక్స్1 ముఖ్యమైంది. అంటే ఫిట్స్, జలుబులు, ముక్కులో పాలు, మమ్ము, టీఓఎఫ్, అన్నీ ఒక్కటే. మేము అయిదుగురు డాక్టర్ల దగ్గర అయిదు జబ్బులకి తిరిగాం.

ముక్క ఎందుకు పోతుంది అని అడిగా. ఆ జెనెటిక్స్ డాక్టర్ గారు చెప్పింది నాకిలా అర్థమైంది. పాటలో పల్లవి ఒకటే మళ్ళీ మళ్ళీ వస్తుంది కదండి, రాముడి గుళ్ళో భజన పాడేప్పుడు మొదటి చరణం ముందు పల్లవి పాడాల్సిన వాళ్ళు ధ్యాస తప్పి రెండో చరణం ముందు పల్లవిలోకి వెళ్ళిపోతే మధ్యలో మొదటి చరణం మొత్తం ఎగిరిపోతుంది, తాళం తప్పదు, ఎవరికీ తెలీదు కూడా. 22వ క్రోమోజోములో ఆ చోటికి అటూ ఇటూ అచ్చం ఒకేలా ఉండే ముక్కలున్నాయి, అండమో వీర్యకణమో తయారయ్యేప్పుడు ఒక పల్లవికి బదులు ఇంకో పల్లవి జత కలిస్తే మధ్య చరణం పోతుంది. దీనికి మేనరికంతో సంబంధం లేదు, గ్రహణంతో లేదు, బొప్పాయితో లేదు. పదిమందిలో తొమ్మిదిమంది పిల్లల్లో ఇది కొత్తగా వచ్చిందే, అమ్మకీ నాన్నకీ ఉండదు. పదిలో ఒకరికి మాత్రం తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది, వాళ్ళకి ఉన్నట్టు వాళ్ళకే తెలియకపోవచ్చు, అంత తేలిగ్గా ఉంటుంది ఒక్కోసారి.

అందుకని మా ఇద్దరికీ ఫిష్ అనే టెస్ట్ చేశారు, పేరు వినగానే మా ఆయన చేపల కూర గుర్తొచ్చి నవ్వారు. రిపోర్ట్‌కి మూడు వారాలు పట్టింది. నిజం చెప్పేస్తా, పేరు వెయ్యరు కదా, ఆ మూడు వారాలూ ఆయన వైపే రావాలని కోరుకున్నా. దేవుడికి దీపం పెట్టేప్పుడు కూడా అదే. నాలుగేళ్ళు ఆ ఇంట్లో ప్రతి పండక్కీ ప్రతి పేరంటానికీ నేను విన్నవి నాకు తెలుసు. రిపోర్ట్ వచ్చింది, ఇద్దరిలోనూ లేదు. నాకు సంతోషం వెయ్యలేదు మొదట, తిట్టుకోడానికి ఎవరూ మిగల్లేదు అనిపించింది, బస్టాండులో కూర్చుని ఏడ్చా.

ఇప్పుడు మీ ఆర్టికల్ దగ్గరికి వస్తా. మేనరికం వల్ల ఏమీ కాదని నేను అనట్లేదు, అలా రాసేవాళ్ళు కూడా ఉన్నారు, అదీ తప్పే. మేనబావని చేసుకుంటే ఇద్దరి జన్యువుల్లో ఎనిమిదో వంతు ఒకే తాత నుంచో అమ్మమ్మ నుంచో వచ్చినవి ఉంటాయి, మేనమామని చేసుకుంటే నాలుగో వంతు. మనందరిలోనూ ఒకటో రెండో పాడైన జన్యువులు ఉంటాయి, జత రెండోది బాగుంటుంది కాబట్టి బయటపడవు, దగ్గర సంబంధంలో ఆ పాడైందే రెండు వైపుల నుంచీ బిడ్డకి వచ్చే అవకాశం పెరుగుతుంది. గుండె ఎడమవైపుకి బదులు కుడివైపు ఉండి లివరూ కడుపూ కూడా అటూ ఇటూ తారుమారయ్యే పిల్లలుంటారు, వాళ్ళలో కొందరిది ఇలా రెండు వైపుల నుంచీ వచ్చిందే. మైసూరు పరిశోధకులు 2006లో ప్రచురించిన స్టడీలో కూడా దగ్గర సంబంధం పెళ్ళిళ్ళలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు ఎక్కువే అని తేలింది. ఆంధ్రాలో పెళ్ళిళ్ళలో నాలుగో వంతు దాకా ఇప్పటికీ దగ్గర సంబంధాలే, కాబట్టి దాని గురించి రాయాల్సిందే, రాయండి.

కానీ మేనరికం కాదంటే దూరం సంబంధం అనుకుంటున్నారు చూడండి, అది కూడా పూర్తిగా నిజం కాదు. హైదరాబాద్‌లో జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ వాళ్ళు, అమెరికాలో హార్వర్డ్ వాళ్ళు కలిసి 2017లో ఒక పేపర్ ప్రచురించారు, మన దేశంలో కొన్ని కులాలు, తెగలు ఎప్పుడో కొద్దిమందితో మొదలై అప్పట్నుంచీ లోపల లోపలే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చాయి, అలాంటి గుంపులు 81 తేలాయి, అందులో 14 గుంపుల్లో ఒక్కోదానిలో పదిలక్షల పైనే జనం. బయటి సంబంధం అని మనం అనుకునేది ఒక్కోసారి ఎన్నో తరాల కిందటి చుట్టరికమే అన్నమాట. మ్యాట్రిమొనీ వాళ్ళు గోత్రం అడుగుతారు గానీ దీన్నెవరూ అడగరు.

ఇక మేనరికంతో సంబంధం లేనివి ఎన్ని ఉన్నాయో. డౌన్ సిండ్రోమ్, 21వ క్రోమోజోము మూడు ఉండటం, 1959లోనే కనిపెట్టారు, ఆ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె జబ్బు ఉంటుంది, దానికి మేనరికం కారణం కాదు, తల్లి వయసు పెరిగే కొద్దీ అవకాశం పెరుగుతుంది. టర్నర్ అని ఆడపిల్లల్లో ఒక ఎక్స్ క్రోమోజోము లేకపోవడం ఉంటుంది, వాళ్ళలో పెద్ద రక్తనాళం ఒకచోట నొక్కుకుపోయి ఉంటుంది కొందరికి. విలియమ్స్ ఉంది, 7వ క్రోమోజోములో ముక్క పోయి రక్తనాళాలకి సాగే గుణం ఇచ్చే ఎలాస్టిన్ జన్యువు కూడా దాంతో పోతుంది. టీబీఎక్స్5 అనే జన్యువులో తేడా ఉంటే పై గదుల మధ్య చిల్లుతోపాటు చేతి బొటనవేలు తేడాగా ఉంటుంది, ఒక్కోసారి వేలే ఉండదు, మూడు ఎముకలుండి మిగతా వేళ్ళలా పొడుగ్గా ఉండొచ్చు, 1997లో కనిపెట్టారు, ఇది తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా చాలు పిల్లలకి సగానికి సగం అవకాశం. చిల్లు ఉందన్నాక పిల్లల బొటనవేళ్ళు, ఆ తర్వాత అమ్మానాన్నల బొటనవేళ్ళు చూడటానికి ఏ మిషనూ అక్కర్లేదు కదండి.

ఇంకొకటి నాకు భలే నచ్చింది, ఈగలాంటి పురుగులు ఉంటాయి కదా అరటిపండు మీద వాలేవి, వాటిల్లో ఒక జన్యువు తీసేస్తే గుండే పుట్టదు, అందుకని దానికి టిన్‌మ్యాన్ అని పేరు పెట్టారు, ఏదో ఇంగ్లీషు పిల్లల కథలో గుండె లేని రేకు మనిషి ఉంటాడట. మనుషుల్లో దానికి చుట్టం ఎన్‌కేఎక్స్2-5, తరతరాలుగా గుండె చిల్లు వస్తున్న కుటుంబాల్లో అందులో తేడా ఉన్నట్టు 1998లో తేల్చారు. పేరు సరదాగా ఉన్నా విషయం సరదా కాదు, ఆ కుటుంబాల్లో చిల్లు మూసేశాక కూడా ఏళ్ళ తర్వాత గుండెలో కరెంటు సరిగ్గా పాకక కొట్టుకోవడం నెమ్మదిస్తుంది, పేస్‌మేకర్ దాకా వెళ్తుంది కొందరికి. ఆపరేషన్ అయిపోయింది ఇక ఏం లేదు అనుకుని ఈసీజీ మానేస్తే ఎలా మరి.

అలాగని టెస్టులన్నీ చేస్తే అందరికీ కారణం దొరికేస్తుందనీ కాదు. వందమంది పిల్లల్లో సుమారు ఒకరు గుండెలో ఏదో ఒక తేడాతో పుడతారు, వాళ్ళలో సగానికి పైగా ఇప్పుడున్న టెస్టులు ఎన్ని చేసినా ఇదీ కారణం అని చెప్పలేరు, చిన్న చిన్న జన్యువుల తేడాలు చాలా కలిసి, దానికి తల్లికి ముందునుంచే షుగర్ ఉండటమో, మొదటి నెలల్లో రుబెల్లా రావడమో, కొన్ని ఫిట్స్ మందులో తోడై, అలా వస్తుందంటారు. ఇంకోటి, మిగతా అంతా బాగుండి కింది గదుల మధ్య చిన్న చిల్లు ఒక్కటే ఉన్న పిల్లలుంటారు, చాలావరకు దానంతటదే మూసుకుపోతుంది, వాళ్ళందరినీ ఇరవై వేల టెస్టుకి పరిగెత్తించమని నేననట్లేదు. టీఓఎఫ్ లాంటివి, పెద్ద రక్తనాళాల తేడాలు, గుండెతోపాటు ఇంకేదైనా తేడా, మాట లేటు, ముఖంలో తేడా, వేళ్ళలో తేడా ఉన్నవాళ్ళ సంగతి వేరు. టీఓఎఫ్ పిల్లల్లో నూటికి పదిహేను మంది దాకా మా పాపకున్న డిలీషనే ఉంటుంది, అది తక్కువా?

నాకసలు కోపం వచ్చింది దేనికో చెప్తా. జిరాక్స్ తీసేప్పుడు కస్టమర్ కాగితాలు చదవకూడదు, తెలుసు, కానీ గ్లాసు మీద పెట్టేప్పుడు కళ్ళు పోతాయి. ఆరోగ్యశ్రీకని, సీఎం రిలీఫ్ ఫండ్‌కని పిల్లల గుండె ఆపరేషన్ కాగితాలు మా షాపుకి బాగానే వస్తాయి. ఒకటి రెండు ఊళ్ళ ఆసుపత్రులు కాదు, అన్నిచోట్లవీ వస్తాయి, ఎందులో చూసినా అదే లైను, ఎన్‌సీఎం, లేదా థర్డ్ డిగ్రీ, లేదా సెకండ్ డిగ్రీ. బావ అయితే థర్డ్, మేనమామ అయితే సెకండ్. దాని కింద జెనెటిక్స్ గురించి ఇంకో లైను ఉన్న కాగితం నా చేతికి వచ్చింది చాలా తక్కువ.

ఆ తక్కువలో ఒకటి మొన్న వేసవిలో వచ్చింది. ఒక పెద్దావిడ, కూతురు, చంకలో ఎనిమిది నెలల బాబు. కాగితంలో సెకండ్ డిగ్రీ అని ఉంది, డౌన్ ఫినోటైప్ అని ఉంది, అంటే చూడ్డానికి డౌన్ లాగా ఉన్నాడు అని, ఏవీ కెనాల్ డిఫెక్ట్ అని ఉంది, అంటే గుండె మధ్యలో చిల్లు, దాని కింద అడ్వైజ్డ్ క్యారియోటైప్, అంటే క్రోమోజోముల టెస్ట్ చేయించండి అని కూడా రాశారు పాపం ఎవరో. నేను ఉండబట్టలేక అడిగా, ఈ టెస్ట్ చేయించారా అమ్మా అని. ఎందుకమ్మా ఇంక టెస్టు, కారణం తెలిసిందిగా, మేనరికం అంది పెద్దావిడ. అని ఊరుకోలేదు, నా కూతుర్ని తీసుకెళ్ళి నా తమ్ముడికే ఇచ్చా, నా చేతులారా చేశా అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కూతురు అటు తిరిగి రోడ్డు చూస్తూ నిలబడింది, ఆ మాట రోజూ వినేదే అన్నట్టుంది. ఆ మెషిన్ శబ్దంలో నేనేం చెప్పగలను, డౌన్ మేనరికం వల్ల రాదు పెద్దమ్మా, మీ తప్పు కాదు అన్నా, నమ్మలేదు. జిరాక్స్ షాపు అమ్మాయి మాట ఎవరు నమ్ముతారు, పేపర్లో వస్తే నమ్ముతారు. మూడో 21వ క్రోమోజోము మామూలుగా విడిగా ఉంటుంది, కానీ నూటికి మూడు నాలుగు కేసుల్లో ఇంకో క్రోమోజోముకి అతుక్కుని ఉంటుంది, అది తల్లికో తండ్రికో కూడా ఉండే వీలుంది, అప్పుడు తర్వాతి కాన్పుకి లెక్కే మారిపోతుంది, క్యారియోటైప్ అనేది అందుకు. ఆ అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు.

చూశారా, మాకు మేనరికం కాదు కాబట్టి ఎవరూ వెతకలేదు. వాళ్ళకి మేనరికం కాబట్టి ఎవరూ వెతకలేదు. ఆ ఒక్క ప్రశ్నకి అవునన్నా కాదన్నా వెతకడం అక్కడితో ఆగిపోతోంది. మీ ఆర్టికల్ చదివి ఎంతమంది ఆ ఫైలు మూసేశారో.

తెలిస్తే ఏం ఒరిగింది, ముక్క మళ్ళీ అతికిస్తారా అని మా మరిది అన్నాడు. అతికించరు. కానీ ఇప్పుడు పాపకి క్యాల్షియం లెవెల్ చూస్తున్నారు ఎప్పటికప్పుడు, తక్కువుంది, మందు వాడుతున్నాం. ఇలాంటి పిల్లలకి పోరాడే కణాలు తక్కువుంటే బతికున్న క్రిములతో చేసిన టీకాలు వేసేముందు చూసుకోవాలి, రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చిన రక్తం వాడాలి, పదకొండో నెలలో మా పాపకి ఆపరేషన్లో ఎక్కించినప్పుడు ఈ సంగతి ఎవరికీ తెలీదు, ఏం కాలేదు కాబట్టి సరిపోయింది, తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అంగిలికి ఆపరేషన్ చేశారు, స్పీచ్ థెరపీ నడుస్తోంది. బడి ఇప్పుడు బడే. పప్పు ఒక్కోసారి ఇంకా మమ్మే. రేపు పెద్దయ్యాక తన పిల్లలకి సగానికి సగం అవకాశం ఉంటుందని తనకి చెప్పాల్సింది నేనే, అదెప్పుడు ఎలా చెప్పాలో ఇప్పట్నుంచే ఆలోచిస్తున్నా.

మళ్ళీ ఇలాగే పుడితే అన్న భయంతో అయిదేళ్ళు ఇంకో బిడ్డ ఊసెత్తలేదు మేము. ఇద్దరిలోనూ లేదు కాబట్టి మళ్ళీ వచ్చే అవకాశం నూటికి ఒకటి లోపే అన్నారు. అసలు కారణం దొరకని మామూలు గుండె జబ్బుల్లో కూడా తర్వాతి బిడ్డకి వచ్చేది నూటికి రెండో మూడో అట, అంటే 97 మంది బానే పుడతారు, ఈ అంకె కూడా మాకు ఎవరూ చెప్పలేదు అప్పుడు. ఆ తర్వాత బాబు కడుపులో ఉన్నప్పుడు అయిదో నెల టిఫా స్కాన్‌తో పాటు ఫీటల్ ఎకో కూడా తీయించాం, గుండె నాలుగు గదులూ స్క్రీన్ మీద చూపించారు, మా అత్తయ్యగారు కూడా వచ్చారు, గ్రహణం సంగతి మళ్ళీ ఎత్తలేదు గానీ తప్పు అన్నాను అని కూడా అనలేదు, అది ఆవిడ వల్ల కాదు లెండి.

మిమ్మల్ని అడిగేది ఇంతే. అంత పెద్ద హెడ్డింగ్ పెట్టిన పేజీలోనే, మూలన కాకుండా, మేనరికం లేకపోయినా గుండె జబ్బుకి జన్యు కారణం ఉండొచ్చు, మేనరికం ఉన్నా కారణం అదే కాకపోవచ్చు అని రాయించండి. డిశ్చార్జ్ కాగితంలో ఎన్‌సీఎం కింద ఇంకో లైను, జన్యు పరీక్ష అవసరమా కాదా, చెప్పామా లేదా అని ఉండేలా డాక్టర్లని అడగమని చెప్పండి. 2013 నుంచి స్కూళ్ళకీ అంగన్‌వాడీలకీ పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే టీములు వచ్చి పిల్లల గుండె చూస్తున్నాయి, మంచిదే, ఆ పిల్లల అంగిలీ బొటనవేళ్ళూ కూడా చూడమనండి, నిమిషం పని. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగమే ఉంది, డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ ఉంది, ఇవి ఉన్నాయని మా జిల్లాలో ఎంతమందికి తెలుసు? రెండు లక్షల ఆపరేషన్ ఫ్రీగా చేయించిన ప్రభుత్వాలకి, అవసరమైన పిల్లల వరకు ఇరవై వేల టెస్టు బరువవుతుందా, దాని మీద ఒక వార్త రాయించండి, మీ రిపోర్టర్‌ని పంపిస్తే కాఫీ ఇచ్చి మరీ అన్నీ చెప్తా.

పాప పాత ఫైలు ఇంకా ఉంది మా దగ్గర. మొదటి పేజీలో ఎన్‌సీఎం అన్న చోట కింద బాల్‌పెన్నుతో 22క్యూ11.2 డిలీషన్ అని నేనే రాశా, క్యాల్షియం చూడండి, రక్తం ఎక్కించేముందు అడగండి అని కూడా. దాన్ని పది కాపీలు తీసి ఎవరి దగ్గరికెళ్తే వాళ్ళకి ముందు అదే ఇస్తున్నా. ఒకటి మాత్రం ల్యామినేషన్ చేసి పాప స్కూల్ బ్యాగులో పెట్టా, వానకి తడవకుండా.

ఇట్లు,
మీ పేపర్ పాఠకురాలు,
తెనాలి దగ్గర, గుంటూరు జిల్లా